ఆఖరి పీరియడ్‌లో అడుగులు

ప్రాథమిక పాఠశాలలో డ్యాన్స్ నేర్పాలంటే పట్నం నుంచి డ్యాన్స్ మాస్టారు దిగిరానక్కర్లేదు. పిల్లలకు అక్షరాలు దిద్దించే టీచరే ఆ పని చేయగలరు. కాకపోతే లెక్కల పాఠానికి ఎంత తయారీ కావాలో దీనికీ అంతే కావాలి.

ప్రైమరీ బడి గోడ మీద అతికించిన టైంటేబుల్‌ను ఎప్పుడైనా తీరిగ్గా చదివి చూడండి. పొద్దుటి పీరియడ్లన్నీ తెలుగు, లెక్కలు, ఇంగ్లిషు. భోజనాలయ్యాక పరిసరాల విజ్ఞానం. అట్టడుగున, ఇంటిబెల్లుకు ముందు గడిలో ‘ఆర్ట్’ అనో ‘కళావిద్య’ అనో ‘గేమ్స్’ అనో కనిపిస్తుంది. కనిపించేది గోడ మీదే. ఆ వేళకు పొద్దున సగంలో ఆగిన తీసివేతలు పూర్తి చేయిస్తారు. లేదంటే హోంవర్క్ రాయించి, రాసినవాళ్లను రాసినట్టు గ్రౌండ్‌లోకి వదిలేస్తారు.

టీచర్ల మీద విసుక్కుని లాభం లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తిరగేస్తే సంగతి తేలిపోతుంది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు 60 మంది లోపు ఉంటే ఇద్దరు టీచర్లు చాలంటుంది. ఆర్ట్ నేర్పే పార్ట్‌టైం బోధకుల మాట వచ్చేది ఆరు నుంచి ఎనిమిది తరగతుల దగ్గరే, అదీ పిల్లలు 100 దాటితేనే. అంటే ఐదో తరగతి లోపు పిల్లవాడికి పాటైనా, బొమ్మైనా, ఆటైనా, నాట్యమైనా ఆ ఎస్‌జీటీ టీచరే దిక్కు. మరోవైపు కాగితాల మీద మాత్రం కళలకు ఏటేటా పెద్దపీట వేస్తూనే ఉన్నారు. పదో తరగతి దాకా కళలు సబ్జెక్టుగా ఉండాలని 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం చెప్పింది. 2020 విద్యావిధానం, 2023 చట్రం ఆ మాటనే ఇంకాస్త గట్టిగా చెప్పాయి. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి ‘బాంసురి’ అనే కళల పుస్తకమే తెచ్చింది. బొమ్మలు, నాటకం, సంగీతంతో పాటు నృత్యం అందులో ఒక భాగం. పుస్తకం వచ్చింది గానీ మనిషి రాలేదు.

టీచర్లను కదిపితే మొదట వచ్చే జవాబు ఒకటే: ‘నాకు స్టెప్పులు రావండీ’. రాకపోవడం ఇక్కడ పెద్ద లోటు కాదని నా అభిప్రాయం. స్టెప్పులు బాగా వచ్చినవారు పిల్లలకు తమ స్టెప్పులే నేర్పుతారు. ఎవడు నత్తి వల్ల నోరు మెదపడో, ఎవరికి కుడి ఎడమలు ఇంకా కుదరలేదో, ఏ ఇద్దరికి పడదో క్లాస్ టీచరుకే తెలుసు. ఏడేళ్ల పిల్లకు కావలసింది ఆ ఎరికే. లేనిదల్లా ప్రణాళిక. దాన్ని జూన్ 12న బడి తెరిచిన నాటి నుంచే మొదలుపెట్టుకోవచ్చు.

ముందు నేల చూడండి

పాట వెతికే ముందు చోటు వెతకాలి. బెంచీలున్న గది పనికిరాదు. ఒకటో తరగతిలో కింద కూర్చునే అలవాటు ఉంటే ఆ గది బంగారం. వరండా ఉంటే మంచిదే గానీ అది సిమెంటు నేల. దాని మీద పది నిమిషాలు గెంతిస్తే పసివాళ్ల పిక్కలు, మోకాళ్లు పట్టేస్తాయి. గెంతులు తక్కువ పెట్టుకుని, దిగేటప్పుడు మునివేళ్లు ముందు ఆనించి మోకాళ్లు కాస్త వంచడం నేర్పాలి. టైల్స్ అయితే సాక్సులతో అస్సలు వద్దు, జారతారు. వేపచెట్టు కింద మట్టినేల అన్నింటికన్నా మేలు, గులకరాళ్లు ఏరించేస్తే. ఆ ఏరడం కూడా పిల్లలే చేస్తారు, చాలా ఇష్టంగా చేస్తారు.

వేళ సంగతి. మధ్యాహ్న భోజనం చేసిన వెంటనే డ్యాన్స్ పెడితే కడుపులో నొప్పి అంటారు, నిజంగానే వస్తుంది. కనీసం గంట ఆగాలి. ఆ లెక్కన ఆఖరి పీరియడ్ మంచి వేళే. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మాత్రం దీన్ని పొద్దుటి ప్రార్థన అవగానే పెట్టుకోవాలి. పది దాటితే ఆ నేల మీద ఒట్టి కాలు మోపలేం.

స్పీకరు లేదని బెంగ వద్దు. మొదటి నెలంతా అసలు పాటే వద్దు. ఒక డప్పు, అదీ లేకపోతే స్టీలు పళ్లెం, గరిటె చాలు. చప్పుడు ఉన్నంతసేపు కదలాలి, ఆగగానే ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. ముప్పై మందిని అరవకుండా ఆపగలిగితే సగం క్లాసు గెలిచినట్టే. రెండోది, చేతులు బారచాపి గుండ్రంగా తిరిగినా ఎవరికీ తగలని చోటు వెతుక్కోవడం. ‘ఇది నా చోటు’ అని పిల్లవాడికి ఒళ్లు తెలిసేదాకా వేరే ఏదీ మొదలుపెట్టకూడదు. జూన్ గడిచిపోతే గడిచిపోనివ్వండి.

ఎదురుగా నిలబడి నేర్పేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. టీచరు కుడిచెయ్యి ఎత్తితే పిల్లలు ఎడమచెయ్యి ఎత్తుతారు, అద్దంలో బొమ్మలాగా. నోటితో ‘కుడి’ అంటూ తాను ఎడమది ఎత్తడం టీచరు అలవాటు చేసుకోవాలి. మొదట్లో తికమకగా ఉంటుంది, వారంలో కుదురుతుంది. పిల్లల కుడి మణికట్టుకు ఒక రంగు దారం కడితే వాళ్లకూ తేలిక. ఇంకో మాట, వరసలు ప్రతివారం మార్చాలి. వెనక వరస వాళ్లు ముందుకు రావాలి. ఎప్పుడూ వెనకే ఉండే పిల్ల టీచరును చూసి నేర్చుకోదు, ముందున్న పిల్ల జడను చూసి నేర్చుకుంటుంది.

నాట్లు వేసినంత పని

జులై వచ్చేసరికి ఊరి చుట్టూ వరినాట్లు పడుతుంటాయి. ఒక పాఠానికి అంతకన్నా మంచి వస్తువు లేదు. నాట్లు వేసేటప్పుడు ఏమేం చేస్తారో పిల్లలనే చెప్పమనండి. ఎడమచేతిలో నారుకట్ట. నడుం వంచడం. కుడిచేత్తో నాలుగు మొక్కలు తీసి బురదలో గుచ్చడం. ఒక అడుగు వెనక్కి వేయడం. నాలుగు పనులు, ఒక్కోదానికి రెండు దెబ్బలు, మొత్తం ఎనిమిది. టీచరు పళ్లెం వాయిస్తుంటే ముప్పై మందీ వెనక్కి నడుస్తూ నాటుతారు. మొదటిసారి గోల గోలగా ఉంటుంది. నాలుగోసారికి ఒక వరస కనిపిస్తుంది.

ఇక్కడితో ఆపితే అది అభినయ గేయం, ఇంకా డ్యాన్స్ కాలేదు. అసలు పాఠం దీని తర్వాతే ఉంది. అదే నాటు ఇప్పుడు మోకాలి లోతు బురదలో వేయండి అనాలి. అడుగు బరువెక్కుతుంది, నెమ్మదిస్తుంది. ఇప్పుడు వాన వచ్చేస్తోంది, తొందరగా అనాలి. ఇప్పుడు చేతులు వాడకుండా కాళ్లతోనే నాటి చూపించండి. ఇప్పుడు ఇద్దరిద్దరు, ఒకరు వంగితే ఒకరు లేవాలి. ఇలా ఒకే కదలికను ఎక్కడ, ఎలా, ఎవరితో అని మూడు ప్రశ్నలతో తిప్పి తిప్పి చూడటాన్ని ఒక పద్ధతిగా కూర్చి టీచర్లకు ఇచ్చిన పెద్దమనిషి రుడాల్ఫ్ లాబాన్. 1879లో నేటి స్లొవేకియాలోని బ్రాటిస్లావాలో పుట్టి, జర్మనీలో పేరు తెచ్చుకుని, నాజీలకు పడక 1938లో ఇంగ్లండ్ చేరాడు. అక్కడి బడుల కోసం 1948లో ఆయన రాసిన పుస్తకంలో నేర్పాల్సిన స్టెప్పుల పట్టీ ఉండదు. పదహారు కదలికల ఇతివృత్తాలు ఉంటాయి. పిల్లల ఒంట్లోంచి కదలికను పైకి తేవాలి తప్ప పెద్దల నాట్యాన్ని వాళ్లకు తొడగకూడదన్నది ఆయన వాదన.

నలభై నిమిషాల పీరియడ్‌ను ఇలా నడపొచ్చు. అయిదు నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం. పది నిమిషాలు కొత్త కదలికతో ఆట. తర్వాత పావుగంట నలుగురైదుగురి జట్లుగా కూర్చుని తమ ఎనిమిది దెబ్బలు తామే కట్టుకోవడం. ఆ పావుగంటలో టీచరు నోరు మూసుకోవడమే కష్టమైన పని. చివర్లో సగం క్లాసు చేసి చూపిస్తే సగం క్లాసు చూడటం, చూసినవాళ్లు ఒక మాట చెప్పడం. ‘బాగుంది’ అంటే ఒప్పుకోకూడదు. ఏం చూశావో చెప్పు అనాలి. ‘వాళ్లు వంగినప్పుడు తలకాయలు ఒకేసారి కిందికి పోయాయి టీచర్’ అని ఒక రెండో తరగతి పిల్ల అనగలిగితే, చూడటం కూడా నేర్చుకుందన్నమాట.

ఎక్కడా శిక్షణ పొందని టీచరుకు సిలబస్ ఎక్కడిదంటారేమో. వీధిలోనే ఉంది. ఇద్దరు చేతులు పెనవేసుకుని, పాదాలు దగ్గరపెట్టి, వెనక్కి వాలి గిర్రున తిరిగే ఒప్పులకుప్పలో ఎదుటి మనిషి బరువును నమ్మడం ఉంది. నాట్య విద్యార్థులు చాలా ఆలస్యంగా నేర్చుకునే సంగతి అది. చెమ్మచెక్కలో చెయ్యి ఒంటి మధ్యగీతను దాటి అవతలికి వెళ్లడం ఉంది. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం, వంగి లేవడం ఉన్నాయి. ఇవి పిల్లలకు ఇప్పుడు అంతగా రావడం లేదు, ముఖ్యంగా అపార్ట్‌మెంట్లలో. వారంవారం ఒక ఆటను తీసుకుని, దాన్ని నెమ్మదిగా, తర్వాత ఎనిమిది దెబ్బలకు, తర్వాత పాట లేకుండా ఆడిస్తే ఒక టర్ముకు సరిపడా పాఠాలు తయారవుతాయి.

మూడు నాలుగ్గలు పన్నెండు

మూడో తరగతి నుంచి దెబ్బను విడగొట్టడం మొదలుపెట్టొచ్చు. మన తాళాల్లో దెబ్బలకు అయిదు జాతులు. తకిట అంటే మూడు, తకధిమి అంటే నాలుగు, తక తకిట అయిదు, తకిట తకధిమి ఏడు, తకధిమి తక తకిట తొమ్మిది. పిల్లలకు మూడూ నాలుగూ చాలు. క్లాసును రెండు జట్లు చేసి ఒకరికి తకిట, ఒకరికి తకధిమి ఇవ్వండి. ప్రతి ‘త’ మీద కాలు గట్టిగా వేయాలి. మొదటి దెబ్బకు అందరి కాళ్లూ కలిసి పడతాయి, తర్వాత విడిపోతాయి, చెల్లాచెదురుగా వినిపిస్తాయి. మళ్లీ సరిగ్గా పదమూడో దెబ్బకు రెండు జట్ల కాళ్లూ ధన్‌మని కలుస్తాయి. ఆ క్షణంలో క్లాసు మొత్తం నవ్వుతుంది. ఐదో తరగతిలో క.సా.గు. చెప్పేటప్పుడు ఈ పన్నెండు గుర్తుచేస్తే చాలు.

అయితే ఒక హెచ్చరిక. డ్యాన్స్‌ను ఎప్పుడూ లెక్కలకో సైన్సుకో కూలికి పెట్టొద్దు. ఈమధ్య ‘కళాసమ్మిళిత బోధన’ అని ప్రతి పాఠానికీ ఒక చిన్న డ్యాన్స్ తగిలిస్తున్నారు. కిరణజన్య సంయోగక్రియ మీద స్టెప్పులేస్తే పిల్లలకు ఆ పేరు గుర్తుండొచ్చు, డ్యాన్స్ మాత్రం రాదు. పన్నెండు దొరికింది బాగుంది. దొరకకపోయినా తకిట తకిటే.

మగపిల్లలు నాలుగో తరగతికల్లా వెనక్కి తగ్గుతారు. ‘అది ఆడపిల్లలది సార్’ అంటారు. ఈ మాట తెలుగునాట వినపడటం చిత్రమే. కూచిపూడి భాగవత మేళాల్లో తరతరాలుగా మగవాళ్లే ఆడారు, స్త్రీ పాత్రలు కూడా వాళ్లే కట్టారు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా వేదికెక్కితే చూసేవాళ్లు మగమనిషి అన్న సంగతే మరిచిపోయేవారు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కాకతీయుల గజసేనాని జాయప 13వ శతాబ్దంలోనే నృత్తరత్నావళి రాశాడు. సేనాపతి నాట్యం మీద గ్రంథం రాసిన నేల ఇది. పేరిణి, చిందు, గొండలి, కోలాటం లాంటి దేశి ఆటల ప్రస్తావన అందులో ఉంది. నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్లీ నిలబెట్టినప్పుడు ఈ గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ ఆసరా చేసుకున్నారు. ఈ కబుర్లు పిల్లలకు కథలాగా చెప్పొచ్చు. చెప్పినా కొందరు కదలరు. అప్పుడు వాళ్ల చేతికి కర్రలివ్వాలి.

కర్రలు చేతికొచ్చాక

కోలాటం బడి కోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఆడపిల్లలు, మగపిల్లలు చేతులు పట్టుకోవడానికి సిగ్గుపడే వయసులో కర్ర కర్రనే తాకుతుంది కాబట్టి ఆ గొడవ ఉండదు. దూరం దానంతటదే కుదురుతుంది. తాళం తప్పితే టీచరు చెప్పక్కర్లేదు, చప్పుడే చెప్పేస్తుంది.

కానీ మొదటిరోజే కర్రలు పంచేస్తే వేళ్లు నలుగుతాయి. ముందు చప్పట్లతో మొదలుపెట్టాలి: తనవి రెండు, ఎదుటివాళ్లతో రెండు. తర్వాత కూర్చుని కర్రలతో నేల మీద. తర్వాత ఒక కర్రతో ఇంకో కర్ర. తర్వాత నిలబడి జంటగా. ఎదుటివాళ్ల కర్ర దగ్గరికి తన కర్ర తీసుకెళ్లి తాకించాలే గాని, పైనుంచి ఊపి కొట్టకూడదు. కర్ర పిల్లల మూరెడు పొడవుంటే చాలు, చివర్లు నున్నగా ఉండాలి. ఇవన్నీ అయ్యాకే వలయం, రెండు వలయాలు, లోపలివాళ్లు ఒకవైపు, బయటివాళ్లు ఇంకోవైపు. జంట దాటి తర్వాతి మనిషికి జరగడం దగ్గర రెండు వారాలు ఇరుక్కుంటారు. తొందరపెట్టొద్దు. పిల్లల సంఖ్య బేసి అయితే మిగిలినవాళ్లకు డప్పు ఇవ్వండి, ప్రతివారం కొత్తవాళ్లకు. ఐదో తరగతి వాళ్లకు సరదా తీరకపోతే జడకోలాటం ఉంది. పైన కట్టిన తాళ్ల కొసలు తలా ఒకటి పట్టుకుని, ఆడుతూ జడ అల్లాలి. మళ్లీ అదే ఆట తిరగేసి ఆడుతూ జడ విప్పాలి. ఒక్కరు దారి తప్పినా ముడి పడుతుంది. ఎక్కడ తప్పామో వాళ్లే నిలబడి వాదించుకుని కనుక్కుంటారు.

దసరా సెలవుల నుంచి వచ్చిన పిల్లలు తెలంగాణలో అయితే బతుకమ్మ ఆడి వస్తారు. సంక్రాంతికి కోస్తాలో గొబ్బిళ్లు. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు, అరకులో థింసా. ఊళ్లో అమ్మమ్మలు, తాతలు ఉన్నారు, కోలాటం గురువులు ఉన్నారు. వాళ్లను ఒక పూట పిలిచి, ‘మీరు ఎలా నేర్చుకున్నారు తాతా?’ అని పిల్లలచేత అడిగించడం మంచి పాఠం. ఒక్కచోట మాత్రం కాస్త ఆగాలి. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీని చూసి, అట్టతో నెమలీకల కిరీటాలు చేయించి స్టేజీ ఎక్కించేస్తుంటారు. దీపావళి వేళ దండారీ పండుగలో, నియమనిష్ఠలతో దేవుడి పేర ఆడే ఆట అది. ఆ కిరీటం వాళ్లకు వేషం కాదు. మార్లవాయికి చెందిన గుస్సాడీ కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇచ్చింది అంతటి సంప్రదాయానికి. బడిలో పెట్టాలనుకుంటే ముందు ఆ ఊరి పెద్దలను అడగాలి. అడుగులు నేర్పుతామంటే నేర్చుకోవాలి, వద్దంటే మానుకోవాలి.

కదలనని మొండికేసే పిల్లలు ప్రతి క్లాసులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. లాక్కురావద్దు. లెక్కపెట్టే పని ఇవ్వండి, చూసి చెప్పే పని ఇవ్వండి. ఒక నెల చూశాక ఏదో ఒకరోజు వాళ్లే లేస్తారు, లేవకపోయినా వాళ్లు క్లాసులో ఉన్నట్టే లెక్క. వినికిడి లేని పిల్లను డప్పు పక్కన, ఒట్టికాళ్లతో నిలబెడితే దెబ్బ ఒంటికి తెలుస్తుంది. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడి కోసం ఆ రోజు పాఠం మొత్తం చేతులతోనే పెట్టొచ్చు. నందికేశ్వరుడి అభినయదర్పణంలో ఒంటిచేతి హస్తాలు 28 ఉన్నాయి. పతాకం, మయూరం, ముకుళం లాంటివి నాలుగు తెలిస్తే నది, నెమలి, మొగ్గ అందరి వేళ్ల మీదికీ వస్తాయి.

మార్కులు ఎలా వేయాలి? అందంగా చేశారా అన్నది టీచరు నోటుబుక్కులోకి రాకూడదు. కట్టుకున్న ఎనిమిది దెబ్బలను వారం తర్వాత మళ్లీ అలాగే చేయగలిగారా, తమ సొంతంగా ఒక్క కదలికైనా కలిపారా, పక్కవాళ్లు చేస్తుంటే చూశారా అన్నవే రాసుకోవాలి.

ఫిబ్రవరి గండం

ఇంత చేశాక వార్షికోత్సవం వస్తుంది. సర్వసాధారణంగా జరిగేది మనకు తెలిసిందే. క్లాసుకు ఎనిమిది మందిని ఏరుతారు, ఎర్రగా బొద్దుగా ఉన్నవాళ్లు ముందు వరస. పదిరోజుల రిహార్సల్స్, అద్దె డ్రెస్సులు. అద్దె కట్టలేనివాళ్లు ‘నాకు జ్వరం టీచర్’ అని తప్పుకుంటారు. మిగతా ఇరవై రెండు మంది చాపల మీద కూర్చుని చప్పట్లు కొడతారు. సినిమా పాట పెట్టడం తప్పని నేననను. పిల్లలు పుట్టిన దగ్గర్నుంచీ వినేది అవే. కానీ పెద్దల శృంగార గీతాలకు ఏడేళ్ల పిల్లలు నడుములు తిప్పితే చూడటానికి ఇబ్బందిగా ఉంటుంది. టీవీ రియాలిటీ షోల్లో పిల్లలచేత ఇలా చేయించొద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ చానళ్లకు సూచన పంపాల్సి వచ్చింది. బడికి ఎవరూ పంపనక్కర్లేదు.

జూన్ నుంచి క్లాసు నడిపిన బడికి కొత్తగా ఐటెం వెతుక్కునే పనుండదు. ఒకటి, రెండు తరగతులు నాట్లు వేస్తారు. మూడో తరగతి తకిట, తకధిమి. నాలుగు, ఐదు తరగతులు కోలాటం. అందరూ యూనిఫాంలోనే, నడుముకో తువ్వాలు. తల్లిదండ్రులు మొదట్లో గొణుగుతారు, మా పాపకు డ్రెస్సు లేదా అని. తమ పిల్ల వెనక వరసలో కూడా కనిపించని సంవత్సరాలు గుర్తున్నవాళ్లు గొణగరు.

ఒక ఇబ్బంది ఉంది. ఇంతమందికి స్టేజీ చాలదు. రెండు వలయాల కోలాటానికి మైదానమే కావాలి. సున్నంతో గీతలు గీసుకుని, కుర్చీలు చుట్టూ వేయించుకోవాలి, ముఖ్య అతిథికి కూడా అక్కడే. షామియానా వేసేవాళ్లకు ముందురోజే చెప్పాలి, నడిమధ్యలో గుంజ పాతొద్దని.